ఆపింది నేనే

"నీ ఇంటర్వ్యూ పదకొండింటికి కదా. మెషిన్ బాగుచేసే అతను తొమ్మిదిన్నరకి వస్తానన్నాడు. అతని పనేదో చూసుకుని వెళ్ళొచ్చుగా" అన్నారు మా ఆయన, అద్దం ముందు చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

ఆ సమయానికి నేను వాషింగ్ మెషిన్ ముందు చతికిలబడి, నీళ్ళు వదలనంటూ మొరాయించిన దాని కడుపులోంచి మగ్గుతో నీళ్ళు తోడి బకెట్లో పోస్తున్నాను. నోరు మాత్రం వేరే పనిలో ఉంది. "నా పేరు ఫలానా, ఇరవై రెండేళ్ళ అనుభవం" అని లోలోపల వల్లె వేసుకుంటోంది.

మా ఆయన మాటలో చెడ్డ ఉద్దేశం ఏమీ లేదు. ఆయన దుర్మార్గుడు కాదు. కాలేజీలో లెక్కలు చెప్తారు. గొంతు పెంచరు. పంతొమ్మిదేళ్ళ కాపురంలో నన్ను ఒక్క పరుష వాక్యం అనలేదు. కాకపోతే ఇంట్లో ఏదైనా పనికి ఖాళీగా ఉన్న మనిషి కావలసి వచ్చినప్పుడు ఆయన చూపు ఎక్కడా ఆగకుండా నేరుగా నా మీదికే వస్తుంది. ఆ రోజు ఆయనకి మొదటి క్లాసు మధ్యాహ్నం పన్నెండింటికి. ఆ సంగతి ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. లైబ్రరీలో ఏదో చూసుకోవాలట.

"సరే లెండి" అన్న మాట నా నోటిదాకా వచ్చేసింది. అది నాకు తుమ్ములాంటిది. ఆపుకోవాలంటే ముక్కు గట్టిగా పట్టుకోవాలి. ఈలోగా వంటింట్లోంచి అత్తయ్య గొంతు వినిపించింది.

"నేనున్నాగా ఇంట్లో! పాడైన మెషిన్ని చూపించడానికి మీ ఇద్దరి చదువులూ ఎందుకురా? దాన్ని వెళ్ళనీ."

ఆయన నవ్వేసి, "సరే, నీ ఇష్టం. అయినా టెన్షన్ పెట్టుకోకు. వస్తే వస్తుంది, రాకపోతే ఇప్పుడున్నది ఉండనే ఉందిగా" అని నా భుజం తట్టి వెళ్ళిపోయారు. ధైర్యం చెప్పానని అనుకున్నారు పాపం. ఇప్పుడున్నది ఉండటమే నా బాధ అని ఆయనకి ఎలా తెలుస్తుంది, నేనెప్పుడూ చెప్పందే.

ఇప్పుడున్నదేమిటో చెప్పాలి. మాది సంస్థల్ని ఒక చోటినుంచి ఇంకో చోటికి మార్చే చిన్న కంపెనీ. ఇల్లు మారడం అందరికీ తెలుసు. ఒక లైబ్రరీ మారాలన్నా, రికార్డుల గది మారాలన్నా, మూడొందల మంది పనిచేసే ఆఫీసు శుక్రవారం సాయంత్రం ఒక మేడలో మూతపడి సోమవారం పొద్దున ఇంకో మేడలో తెరుచుకోవాలన్నా మమ్మల్ని పిలుస్తారు. ఏ వస్తువు ముందు కదలాలి, ఏది ఆఖర్న కదలాలి, ఎవరు ఎక్కడ నిలబడాలి, ఏ తలుపు ఎన్నింటికి తెరవాలి, ఇదంతా రాసేది నేను. పదకొండేళ్ళుగా నా పదవి పేరు కోఆర్డినేటర్. "ఆఫీసులో నువ్వు చేసేదేమిటి, అందరికీ అన్నీ గుర్తుచెయ్యడమేగా" అంటారు మా ఆయన, ఇంటికి వచ్చినవాళ్ళ ముందు, ముద్దుగానే. ఆ మాటకి అందరూ నవ్వుతారు. నేనూ నవ్వేదాన్ని.

నా పైన ఒక మేనేజరు ఉన్నారు. ఆఫీసులో ఆయన్ని చాటుగా అందరం సారాంశం గారు అంటాం. ఏది చెప్పబోయినా చెయ్యి పైకెత్తి "వివరాలొద్దు, సారాంశం చెప్పండి" అంటారు. నేను నలభై పేజీలు రాస్తాను. దాన్ని ఆయనకోసం ఒక పేజీకి కుదిస్తాను. ఆయన ఆ పేజీ పట్టుకుని వెళ్ళి పెద్దవాళ్ళ ముందు గంటసేపు మాట్లాడతారు. మంచి వక్త. నేను రాసిన వాక్యాలు ఆయన గొంతులో ఎంత గంభీరంగా ఉంటాయంటే, ఒక్కోసారి ఎవరు రాశారో ఇంత బాగా అని నాకే అనిపించేది.

నన్ను ఇంటర్వ్యూకి పిలిచిన పెద్ద కంపెనీ ప్రకటన ముందు చూసింది మా అమ్మాయి. పదహారేళ్ళు. ప్రతిదానికీ వాదిస్తుందని ఇంట్లో దాన్ని లాయరు అంటాం. ఆ కంపెనీ ఊరూరా ఆస్పత్రులు కట్టి, పాత ఆస్పత్రుల్ని కొత్త భవనాల్లోకి మారుస్తుంది. సీనియర్ ప్రాజెక్ట్ మేనేజర్ కావాలి అని వేశారు. "అమ్మా, ఇందులో రాసిందంతా నువ్వు చేసే పనే. నీకంటే ఎక్కువ మాటల్లో రాశారంతే" అంది. ఒక మధ్యాహ్నం భోజనం మానేసి ఆఫీసు క్యాంటీన్లో మూలన కూర్చుని ఆ దరఖాస్తు నింపాను. అన్నీ చకచకా నింపినదాన్ని ఒక గడి దగ్గర ఆగిపోయాను. మీ కింద పనిచేసినవారి సంఖ్య అని ఉంది. నా కింద ఎవరూ లేరు. ఎన్నడూ లేరు. కానీ పోయినేడాది పెద్దాస్పత్రిని మార్చిన రోజున నూట నలభై మంది నా నోటివంక చూస్తూ పనిచేశారు. సున్నా రాయనా, నూట నలభై రాయనా? ఒకటి తక్కువ నిజం, ఒకటి ఎక్కువ నిజం. ఒక రోజంతా ఆ గడి ఖాళీగా ఉంచాను. మర్నాడు "కాగితం మీద ఎవరూ లేరు, ఆ రోజు నూట నలభై మంది" అని రాసి, మనసు మారేలోగా పంపేశాను.

పిలుపు వచ్చింది. నాకు భయం పట్టుకుంది. ఇంటర్వ్యూకి వెళ్ళి ఇరవై ఏళ్ళు దాటింది.

"నేను అడుగుతాలే, నువ్వు చెప్పు" అంది అత్తయ్య, ఒక సాయంత్రం బల్ల మీద బఠాణీలు కుప్ప పోసుకుని ఒలుస్తూ. ఆవిడ ముప్ఫై ఒక్క ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరైంది. చెవిలో వైరు పెట్టుకుని ఊరందరి గొంతులూ విన్న మనిషి. మనం ఏం చెప్పామో కాకుండా ఎలా చెప్పామో వింటుంది. అబద్ధం చెప్పేవాళ్ళు మాటకి ముందు గాలి పీల్చుకుంటారని ఆవిడ సిద్ధాంతం. అందుకే ఆవిడ దగ్గర లాయరు పప్పులుడకవు.

"చెప్పమ్మా, మీరు చేసిన పెద్ద పని ఏది?" అంది గొంతు మార్చి, అధికారిలా.

"పెద్దాస్పత్రి తరలింపండీ. నూట ఎనభై ఆరు మంది రోగుల్ని ఒక్క రోజులో కొత్త భవనంలోకి చేర్చాం. ముందు మూడు నెలలు దారి పరిశీలించాం. ప్రతి మంచానికీ ఒక నంబరు ఇచ్చాం. అంబులెన్సుల వరస తయారుచేశాం..."

"ఆగు. ఆ 'మేం' ఎవరు?"

"ఎవరేమిటత్తయ్యా, ఆఫీసు."

"ఆఫీసు మంచాలకి నంబర్లు వేసిందా? నువ్వు వారం రోజులు ఆ చీటీలు ఈ బల్ల మీదే కదుటే రాసింది! నేను దారాలు కట్టాను. చేశాం, ఇచ్చాం, చూశాం... నిన్ను ఉద్యోగంలోకి తీసుకోవాలంటే ఎంతమందికి జీతమివ్వాలో వాళ్ళకి?"

లాయరు పకపకా నవ్వింది. తన నోటు పుస్తకం తీసి "చేశాం" అన్నప్పుడల్లా ఒక గీత గియ్యడం మొదలుపెట్టింది. అరగంటలో ఇరవై మూడు గీతలు. "చేశాను" అనాలని ఎంత చూసినా నాలుక తిరగదు. ఎవరివో చెప్పులు కాళ్ళకి తొడుక్కున్నట్టు ఉంటుంది ఆ మాట. నేను, నేను అనేవాళ్ళని చూసి చిన్నప్పట్నుంచీ ముఖం చిట్లించడం నేర్పారు మాకు. ఆడపిల్ల అలా అంటే మరీనూ. "నేను" అని మొదలుపెట్టిన ఏ వాక్యమైనా చివరికి వచ్చేసరికి కాస్త వంగి "మేం" అయిపోయేది.

అత్తయ్య ఒలుస్తున్న చేతులు ఆపేసింది. బఠాణీల వంకే చూస్తూ చెప్పింది.

"నాకు సూపర్వైజరు పోస్టు ఇస్తామన్నారొకసారి. మీ ఆయనకి అప్పుడు ఆరేళ్ళు. మీ మామయ్యగారు అన్నారూ, 'పదిమంది మీద పెత్తనం చేస్తే ఇంటికొచ్చి నా మీద చేస్తావు, మనకొద్దు' అని. నవ్వుతూనే అన్నారులే. మర్నాడు మా ఆఫీసరు దగ్గరికెళ్ళి ఏం చెప్పానో తెలుసా? 'వద్దనుకున్నామండీ' అన్నాను. ఎవరనుకున్నారే? నేను అనుకోలేదు. ఆయన అన్నారు. నేను వెళ్ళి 'అనుకున్నాం' అన్నాను. అంతే, అయిపోయింది."

ఆవిడ మళ్ళీ బఠాణీలు ఒలవడం మొదలుపెట్టింది. లాయరు పెన్ను కింద పెట్టేసింది. మా ఇంట్లో ఈ కథ ఎవరూ ఎప్పుడూ వినలేదు. నేనయితే పంతొమ్మిదేళ్ళుగా ఆవిడ పక్కనే నిలబడి కూరలు తరిగాను. ఒక్కసారైనా అడగలేదు నేను, మీ ఉద్యోగం ఎలా ఉండేదత్తయ్యా అని.

ఇంటర్వ్యూ రోజున ఆ కంపెనీ మేడ కింద అద్దాల బల్ల వెనక కూర్చున్న అమ్మాయి నన్ను చూసి చల్లగా నవ్వింది. "అసిస్టెంట్ పోస్టులకి పక్క హాలు అండీ" అంది. నేను ఏ పోస్టుకి వచ్చానో చెప్పాను. కాగితంలో చూసుకుని, "ఓ, సారీ అండీ, మీ పేరు చూసి కూడా..." అని ఏదో అనబోయి నాలుక్కరుచుకుంది. దాని చిన్న వయసు చూస్తే నాకు కోపం రాలేదు. నలభై ఐదేళ్ళ ఆడది చేతిలో ప్లాస్టిక్ ఫైలు పట్టుకుని వస్తే ఏ హాలుకి పంపాలో దానికి ఎవరో నేర్పించి ఉంటారు.

పైన గదిలో ముగ్గురు ఉన్నారు. తెల్లజుట్టు పెద్దాయన, ఆ కంపెనీలో భవనాల విభాగానికి అధిపతి. పక్కన కళ్ళద్దాలు నెత్తిమీదికి నెట్టుకున్న ఒకావిడ, ప్రాజెక్టులన్నీ చూసేది ఆవిడే. మూడో ఆయన మాట్లాడలేదు, రాసుకుంటూ కూర్చున్నాడు. గోడకి ఒక పెద్ద భవనం బొమ్మ. బల్ల మీద మంచినీళ్ళు. అందులో నాకోసం పెట్టిన గ్లాసు ఏదో తెలియక మొదటి పావుగంట దాహంతోనే మాట్లాడాను.

"ఆస్పత్రి తరలింపు గురించి చెప్పండి" అన్నారావిడ.

"నూట ఎనభై ఆరు మంది రోగులు. ఒక ఆదివారం. ముందుగా దారి పరిశీలించాం..." అని నాలుక తన పాత దారి పట్టింది. ఆగాను. "దారి పరిశీలించాను" అన్నాను.

ఆ ఒక్క అక్షరం మార్పుకే చెవులు వేడెక్కాయి. కానీ ఆకాశం విరిగి మీద పడలేదు. పెద్దాయన తల ఊపారు. రాసుకునే ఆయన రాసుకున్నాడు. దాంతో రెండో వాక్యం కాస్త తేలికైంది. మూడో దానికి నేను అక్కడ ఉన్నానన్న సంగతే మర్చిపోయాను. పని గుర్తొచ్చింది, అంతే.

"నేను స్ట్రెచర్ మీద పడుకుని ఆ దారంతా వెళ్ళానండీ. పాత వార్డు నుంచి కొత్త వార్డు దాకా. ఇద్దరు మనుషులు తోసుకెళ్ళారు. పడుకున్నవాడికి మనకి కనిపించే ఆస్పత్రి కనిపించదు. వాడికి కనిపించేది కప్పు. వసారా పొడుగునా లైట్లు ఒకదాని తర్వాత ఒకటి కళ్ళలోకి కొడుతున్నాయి. గడప దగ్గర తల ఎగిరిపడింది. ఆ లైట్లకి కాగితాలు అంటింపించాను. గడపల మీద రబ్బరు పట్టీలు వేయించాను. నడవగలిగినవాళ్ళని ముందు పంపాను. వాళ్ళు కొత్త వార్డులో కూర్చుని ఉంటే తర్వాత వచ్చేవాళ్ళకి ఖాళీ ఇంట్లోకి వస్తున్నట్టు ఉండదని."

ఆవిడ కళ్ళద్దాలు కిందికి దించి నన్ను చూశారు. చూసి, ముందున్న కాగితాల్లోంచి ఒకటి పైకి తీశారు.

"ఈ పని గురించి మేం ముందే విన్నాం. మీ మేనేజరు గారు ఒక సదస్సులో మాట్లాడారు. చాలా బాగా చెప్పారు. కానీ స్ట్రెచర్ సంగతి చెప్పలేదు. ఆ రోజు పని నలభై నిమిషాలు ఆగిపోయిందని, కింది స్థాయిలో సమన్వయ లోపం వల్ల అలా జరిగిందని చెప్పారు. అప్పుడు సమన్వయం చూసింది...?"

వాక్యం పూర్తి చెయ్యలేదావిడ. సమన్వయ లోపం. ఆ మాట నేనెరుగుదును. నా పనితీరు మీద మేనేజరు రాసిన వార్షిక నివేదికలో ఉంది. దాని కింద నేనే సంతకం పెట్టాను. ఆ రోజు ఎందుకు పెట్టావు అంటే చెప్పలేను. ఇంట్లో అందరి భోజనాలూ అయ్యాక మిగిలింది తినేసి గిన్నె కడిగేసినట్టు, ఎవరిదో తెలియని తప్పు బల్ల మీద మిగిలిపోయి ఉంటే అలవాటుగా నేనే తీసేశాను.

ఇప్పుడు రెండు దారులున్నాయి. "చిన్న ఇబ్బంది వచ్చిందండీ, సర్దుకున్నాం" అని ఒకటి. నా జీవితమంతా ఆ దారినే నడిచాను. కళ్ళు మూసుకుని కూడా వెళ్ళగలను.

"అది లోపం కాదండీ. ఆపింది నేనే" అన్నాను.

గదిలో పెన్ను చప్పుడు ఆగింది.

"చెప్పండి" అన్నారు పెద్దాయన.

చెప్పాను. మధ్యాహ్నం రెండున్నరకి పసిపిల్లల వార్డు కదలాలి. ఏడుగురు. నెలలు నిండకుండా పుట్టినవాళ్ళు, గాజుపెట్టెల్లో ఉన్నారు. వాళ్ళకంటే ముందు పెద్ద నర్సు ఒక ఖాళీ పెట్టెని కొత్త భవనానికి తెచ్చింది, అక్కడ వేడిచేసి సిద్ధంగా ఉంచడానికి. ఆ పెట్టెతో పాటు యంత్రం, సిలిండరు, డాక్టరు, ఇద్దరు నర్సులు లిఫ్టెక్కారు. పైన నేను ఎదురుచూస్తున్న అంతస్తులో లిఫ్టు నేలకి రెండు వేళ్ళ కిందుగా ఆగింది. పెట్టె చక్రాలు అంచుకి కొట్టుకుని ఠపీమని ఎగిరింది. లోపల పరిచిన గుడ్డ ఒక మూలకి జరిగిపోయింది. ఆ పెద్ద నర్సు నా వంక చూసింది. పిల్లలెవరూ కదలకూడదు అని నేను వాకీటాకీలో చెప్పాను. లిఫ్టు మెకానిక్కుని పిలిపించాను. అవతల సాయంత్రం నాలుగింటికి ప్రారంభోత్సవం, ముఖ్య అతిథి దారిలో ఉన్నారు. మా మేనేజరు గారు ఫోను చేశారు. "వివరాలొద్దు. ఎప్పుడు మొదలుపెడతారో సారాంశం చెప్పండి" అన్నారు. "లిఫ్టు నేలకి సమానంగా ఆగినప్పుడండీ" అన్నాను. ఆయన ఇంకేదో అన్నారు. నేను ఫోను జేబులో పెట్టేసుకున్నాను. నలభై నిమిషాలు పట్టింది. తర్వాత ఏడుగురు పిల్లలూ కదలికే తెలియకుండా వెళ్ళారు. ఒకడు దారంతా ఆవులిస్తూనే ఉన్నాడు.

"బాగుంది" అన్నారావిడ, గొంతులో ఏ మెచ్చుకోలూ లేకుండా. "మరి ఆ లిఫ్టుని ముందే ఎందుకు పరీక్షించలేదు?"

ఈ ప్రశ్న ఏడాదిగా నన్ను నేను అడుగుతున్నదే. అందుకే జవాబు వెతుక్కోనక్కర్లేకపోయింది.

"పరీక్షించానండీ, నా బరువుతో. స్ట్రెచర్ మీద నేను, తోసేవాళ్ళు ఇద్దరు. అంత బరువుకి సమానంగానే ఆగింది. పెట్టె, సిలిండరు, మనుషులు అందరూ కలిపిన బరువుతో పరీక్షించలేదు. అది నా తప్పు. ఆపడం తప్పు కాదు, ముందే చూడకపోవడం తప్పు. ఆ తర్వాత చేసిన ప్రతి పనిలోనూ నిండు బరువుతో లిఫ్టు పరీక్ష మొదటి పేజీలోనే రాస్తున్నాను."

నా తప్పు అంటున్నప్పుడు నాకు సిగ్గనిపించలేదు. అది నన్ను ఆశ్చర్యపరిచింది. ఇన్నాళ్ళూ నాది కాని తప్పు మోస్తే నడుం వంగిపోయింది. నా సొంత తప్పు మోస్తుంటే మాత్రం నిటారుగానే ఉన్నాను.

ఆవిడ పెదవి చివర చిన్న నవ్వు కనిపించి మాయమైంది. ఒక గ్లాసు నా వైపు జరిపారు. గడగడా తాగేశాను.

ఇంక లేవబోతుండగా పెద్దాయన ముందుకి వంగారు. "ఒక్క మాటమ్మా. మొదటి ప్రాజెక్టు ఇక్కడ కాదు. వేరే ఊళ్ళో ఎనిమిది నెలలు ఉండాలి. రెండు వారాలకోసారి వచ్చి వెళ్ళొచ్చు. మీ ఇంట్లో అభ్యంతరం ఉండదా?"

"ఉంటుందండీ" అన్నాను.

ఆయన ఆ జవాబుకి సిద్ధంగా లేరు. "మరి?"

"నేను వస్తాను."

కింద బల్ల దగ్గరి అమ్మాయి "ఎలా జరిగిందండీ?" అని అడిగింది నిజమైన ఆసక్తితో. "మాట్లాడాను" అన్నాను. ఇంటికెళ్ళేసరికి మెషిన్ బాగైపోయి గిర్రున తిరుగుతోంది. దాని గొట్టంలోంచి మా ఆయన సాక్సు ఒకటి బయటపడిందని అత్తయ్య చెప్పింది, నేరస్థుణ్ణి పట్టుకున్నంత సంతోషంగా. ఆ సాక్సుని ఉతికి ఆయన పుస్తకం మీద ఆరేసి మరీ ఉంచింది.

అయిదో రోజున ఆఫీసులో ఉండగా ఫోను వచ్చింది. మాట్లాడింది ఆ కళ్ళద్దాలావిడే. "మిమ్మల్ని తీసుకుంటున్నాం" అన్నారు. ఆ తర్వాత "ఆ దరఖాస్తులో ఒక గడిలో మీరు రాసింది చూసే నేను పిలిపించాను" అన్నారు. ఫోను పెట్టేశాక క్యాంటీన్లో ఎవరూ చూడకుండా రెండు చేతులతోనూ ముఖం కప్పుకుని నవ్వాను. ఏడుస్తున్నాననుకుని వంటావిడ టీ తెచ్చి పెట్టి, ఏమీ అడక్కుండా వెళ్ళిపోయింది.

రాజీనామా కాగితం తీసుకుని మేనేజరు గది తలుపు తట్టాను. ఆయన ఫోనులో ఏదో చూసుకుంటూనే చెయ్యెత్తారు. "సారాంశం చెప్పండి."

"వెళ్ళిపోతున్నానండీ."

ఫోను బల్ల మీద పెట్టారు. నా ముఖం వంక, కాగితం వంక, మళ్ళీ నా ముఖం వంక చూశారు.

"కూర్చోండి. వివరంగా చెప్పండి" అన్నారు.

పదకొండేళ్ళలో ఆయన నోట ఆ మాట వినడం అదే మొదటిసారి. నిలబడే చెప్పాను. వివరంగా చెప్పడానికి ఏమీ లేదు, కాగితంలో రెండే వాక్యాలున్నాయి.

ఆ సాయంత్రం భోజనాల బల్ల దగ్గర ఇంట్లో చెప్పాను. లాయరు కుర్చీ మీదనుంచి లేచి నా మెడ పట్టుకుని ఊపేసింది. అత్తయ్య నా పళ్ళెంలో ఇంకో గరిటె అన్నం వడ్డించింది. నేను తినగలిగిన దానికంటే ఎక్కువ.

మా ఆయన ముఖంలో ముందు సంతోషమే కనిపించింది, అది ఒప్పుకోవాలి. ఎనిమిది నెలలు అన్న మాట విన్నాక ముద్ద చేతిలోనే ఆగింది.

"ముందు నన్నొక మాట అడగాల్సింది కదా" అన్నారు నెమ్మదిగా.

"అడిగితే ఏమనేవారు?"

ఆయన ఆలోచించారు. అదే ఆయనలోని మంచితనం, అబద్ధం చెప్పరు. "ఇప్పుడెందుకు, పాప చదువయ్యాక చూద్దాం అనేవాణ్ణి" అన్నారు చివరికి.

"అందుకే అడగలేదండీ."

"నా చదువు మీద నెట్టకండి నాన్నా" అంది లాయరు. "నేనేం చంటిపిల్లనా, గాజుపెట్టెలో ఉన్నానా?"

ఆయనకి ఆ మాట అర్థం కాలేదు. ఆస్పత్రి కథ ఆయనకి నేనెప్పుడూ పూర్తిగా చెప్పలేదు. ఆయన అడగనూ లేదు. ఆ పూట చెప్పాను. స్ట్రెచర్, కాగితాలంటించిన లైట్లు, లిఫ్టు, నలభై నిమిషాలు, ఆవులించినవాడు, అన్నీ. ఆయన చెయ్యి ఎండిపోయేదాకా అలాగే కూర్చుని విన్నారు. అంతా అయ్యాక "ఇదా నువ్వు చేసే పని!" అన్నారు. మనుషుల ముందు నా పని గురించి ఆయన వేసే ఆ హాస్యం ఇక ఎప్పుడూ వినబడదని నాకా క్షణాన తెలిసిపోయింది. సాధించినట్టేమీ అనిపించలేదు. బూటులో చాలాకాలంగా ఉన్న చిన్న రాయి పడిపోయినట్టు అనిపించింది.

నా ప్రయాణం ఇంకో పదిరోజుల్లో ఉందనగా ఒక శనివారం పొద్దున్న ఆయన గీతల నోటుపుస్తకం, కొత్త పెన్ను పట్టుకుని నా ఎదురుగా వచ్చి కూర్చున్నారు. పుస్తకం మొదటి పేజీలో మార్జిను కూడా గీసుకున్నారు స్కేలుతో. ముచ్చటేసింది నాకు.

"ఇంటికి కూడా ఒక ప్లాను రాసిపెట్టు" అన్నారు. "ఆస్పత్రికి రాశావే, అలాగే. ఏ రోజు ఏ పని, ఏది ముందు, ఏది తర్వాత, అమ్మ మందులు, పాప ఫీజు తారీఖులు, ఏ సరుకు ఎప్పుడు అయిపోతుందో, అన్నీ. నువ్వు రాసినట్టే చేస్తాం. ఎక్కడా తప్పు రానివ్వం."

ఆయన ప్రేమతోనే అడిగారు. అంతకుమించి గౌరవంతో అడిగారు. నా పెన్నుకి ఇంట్లో దొరికిన మొదటి గౌరవం అది. నా చెయ్యి తనంతట తాను ముందుకెళ్ళి పెన్ను అందుకుంది. బుర్రలో అప్పటికే పేజీలు తిరగడం మొదలైంది. సోమవారంతో మొదలుపెట్టాలా, ఆదివారంతోనా? అత్తయ్య రక్తపోటు మాత్ర పొద్దున, కాళ్ళనొప్పులది సాయంత్రం. లాయరు సాక్సులు జతలు కలపకపోతే గొడవ. ఒక గంటలో రాసెయ్యగలను. రాస్తే ఆయన అక్షరం పొల్లుపోకుండా చేస్తారు కూడా. అప్పుడు ఎనిమిది నెలలూ ఈ ఇల్లు నేనున్నప్పటిలాగే నడుస్తుంది. వేరే ఊళ్ళో కూర్చుని నేను నడిపిస్తూనే ఉంటాను. ఏదైనా అయిపోతే, ఏదైనా మర్చిపోతే, నా ప్లానులో రాయలేదు కదా అంటారు.

పెన్ను మూత పెట్టాను. పుస్తకం మీద దాన్ని అడ్డంగా ఉంచి ఆయన వైపు జరిపాను.

"ఇది మీరు రాయండి" అన్నాను.

"నేనా? నాకేం తెలుసు ఈ ఇంట్లో?"

"అది మొదటి వాక్యంగా రాసుకోండి."

ఆయన నవ్వబోయి, నా ముఖం చూసి ఆగిపోయారు. తర్వాత పెన్ను మూత తీశారు. తలెత్తి వంటింటి గుమ్మం వంక, అలమరా వంక, తాళ్ళమీద ఆరుతున్న బట్టల వంక, అప్పుడే ఏదో కొత్త ఊళ్ళో దిగిన మనిషిలా ఒక్కొక్కటే చూశారు. పెన్ను కాగితం మీద ఆనించారు.

"ఎక్కడ మొదలుపెట్టాలి?" అని అడిగారు.

నాకు తెలుసు. చెప్పలేదు.